కలిసొచ్చిన బండిని పడుకోబెట్టడం

ఫిల్మ్‌నగర్‌లో పాత కారు అమ్మేవాళ్ళకంటే పక్కన పెట్టేవాళ్ళే ఎక్కువ. మొదటి హిట్టు డబ్బుతో కొన్న అంబాసిడరో ఫియట్టో పాత నిర్మాతల ఇళ్ళలో ఒకటి తప్పకుండా ఉండేది. కొబ్బరికాయ కొట్టిన రోజు నుంచి గుమ్మడికాయ కొట్టిన రోజు దాకా ఆ సినిమాకి అదే తిరిగింది, అదే కలిసొచ్చింది. తరవాత మారుతీ వస్తుంది, సియెలో వస్తుంది, బెంజి వస్తుంది. పాతదాన్ని అమ్మేద్దామంటే ఇంట్లో పెద్దావిడ ఒప్పుకోదు. వాడదామంటే డ్రైవరు మొహం చిట్లిస్తాడు. చివరికి ప్రొడక్షన్ మేనేజరు గారు కబురు పెడతారు: "ఏవయ్యా, బాబుగారి బండి షెడ్డులో పెట్టాలి, ఓసారి వచ్చి చూసిపో."

అలాంటి కబుర్ల మీదే నా సంపాదనలో సగం వచ్చింది. మిగతా సగం, అవే బండ్లని ఏళ్ళ తరవాత లేపమని వచ్చిన కబుర్ల మీద. పడుకోబెట్టడం, లేపడం: మా షెడ్డులో అనే మాటలు ఇవే. కార్ల చరిత్రంటే మోడళ్ళూ మైలేజీలూ రేసులూ అనుకుంటారు. ఆగి ఉన్న బండ్లకీ ఒక చరిత్ర ఉంది. జూబ్లీహిల్స్ కొండ మీద అది కాస్త ఎక్కువే ఉంది.

నేను బెజవాడ ఆటోనగర్‌లో స్పానరు పట్టుకున్నవాణ్ణి. అక్కడ బండి ఆగిందంటే నష్టమే. లారీ ఒక పూట ఆగితే ఓనరు షెడ్డు ముందు స్టూలేసుకుని కూర్చునేవాడు. ఎనభైల మొదట్లో హైదరాబాదు వచ్చి యూసుఫ్‌గూడలో ఒక ఉస్తాద్ దగ్గర చేరాక గానీ, బండిని కావాలని ఆపి ఉంచడం కూడా ఒక పనేనని నాకు తెలియదు. అప్పటికి కొండ ఇంకా కొండలాగే ఉంది. చల్లగళ్ళ నరసింహారావు గారు అరవైల్లో సొసైటీ పెట్టి ఈ బండరాళ్ళ మధ్య ప్లాట్లు వేయించిన సంగతి పాతవాళ్ళు చెప్పుకునేవారు. 1976 సంక్రాంతికి అన్నపూర్ణ స్టూడియోస్ మొదలైంది, రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ వచ్చి ప్రారంభించారు. పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు ఆ తరవాత వచ్చాయి. మద్రాసులో కాపురాలున్నవాళ్ళు ఒక్కొక్కరే సామాను సర్దుకుని రావడం మొదలైంది. సామానుతో పాటు కార్లూ వచ్చాయి.

అయితే ఈ కొండ మీద బండ్లని పడుకోబెట్టడం సినిమావాళ్ళతో మొదలు కాలేదు. ఇప్పుడు పొద్దున్నే జనం నడకకి వెళ్ళే కేబీఆర్ పార్కు ఉంది కదా, దాని లోపల నిజాం కుటుంబానికి చెందిన చిరాన్ ప్యాలెస్ ఉంది. ఆ ఆవరణలో గుర్రాల సాలలూ ఏనుగుల సాలలతో పాటు ఒక మోటర్‌ఖానా కూడా ఉండేది. 1967 ఫిబ్రవరిలో ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పోయాక గద్దె మీదికొచ్చిన మనవడు ముకర్రం జా దర్బారు కంటే ఇంజన్లంటే ఎక్కువ ఇష్టపడ్డ మనిషి. చేతులకి గ్రీజు పూసుకుని బండ్ల కింద దూరేవాడు. ఆయనకి తాతగారి నుంచి సంక్రమించిన కార్లలో చాలాభాగం కదలనివేనని, వాటి పేరుతో పెట్రోలు ఖర్చూ స్పేర్ల ఖర్చూ మాత్రం లెక్కల్లో పడుతూనే ఉండేదని ఆయన కథ రాసినవాళ్ళు చెప్పారు. కదలని కారు పెట్రోలు తాగడం మాకేం కొత్త కాదు. మేనేజర్ల బిల్లుల్లో మేమూ చూశాం.

పక్కన పెట్టిన బండ్లలో ఈ ఊళ్ళోకెల్లా పేరున్నది మాత్రం చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్, 1912 నాటిది. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఆర్డరిచ్చాడు, బండి చేతికి రాకముందే 1911 ఆగస్టులో కన్నుమూశాడు. తరవాత కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని ఊరేగింపులకీ ఉత్సవాలకీ తప్ప వాడలేదు. 7,428 సీసీల ఇంజను, ఆరు సిలిండర్లు, జీవితం మొత్తంలో తిరిగింది చాలా తక్కువ. మా ఉస్తాద్ మేనమామ నిజాం మోటర్‌ఖానాలో పనిచేశాడట. అక్కడ ప్రతి బండికీ వారానికోసారి హ్యాండిలు పెట్టి చేత్తో ఇంజను తిప్పే మనిషి విడిగా ఉండేవాడని ఉస్తాద్ చెప్పేవాడు. స్టార్ట్ చెయ్యడం కాదు, తిప్పడం. ఈ రెంటికీ ఉన్న తేడాయే మా పనికి మూలం. దాని దగ్గరికి వస్తాను.

మద్రాసు నుంచి వచ్చిన బండ్లని చూడగానే పోల్చేవాళ్ళం. నంబరు ప్లేటు చూడక్కర్లేదు. కింద పడుకుని చూస్తే చాలు, ఫ్లోరు అంచులు ఉప్పుగాలికి తినేసి ఉండేవి. హైదరాబాదు గాలి పొడి గాలి. వానాకాలం నాలుగు నెలలూ తీసేస్తే ఇనుముకి ఇంతకంటే మంచి ఊరు దొరకదు. అక్కడ మూడేళ్ళలో పాడయ్యే బండి ఇక్కడ పదేళ్ళు ఆగేది. అలా వచ్చినవాటిలో పెద్ద అమెరికన్ బండ్లు కొన్ని ఉండేవి. ఇంపాలాలూ ప్లిమత్‌లూ ఒకప్పుడు తారలకి హోదా. 1973లో అరబ్బు దేశాలు చమురు బిగించాక పెట్రోలు రేటు ఎగబాకింది. లీటరుకి నాలుగైదు కిలోమీటర్లిచ్చే బండిని ఎంత పెద్ద హీరో అయినా ఎంతకాలం తిప్పుతాడు? కొందరు వాటి ఇంజన్లు పీకించి మటాడోర్ డీజిల్ ఇంజన్లు వేయించారు. నా దృష్టిలో అది హత్యే. మిగతావాళ్ళు షెడ్డులో పెట్టి గుడ్డ కప్పారు. గుడ్డ కప్పడంతో పని అయిపోయిందనుకోవడం అప్పటి నుంచీ ఉన్న జబ్బు.

పాత బండ్లు మళ్ళీ లేవడమూ ఈ ఊరు చూసింది. 1982లో తెలుగుదేశం పార్టీ పెట్టిన ఎన్టీ రామారావు గారు ఊరూరా తిరిగిన చైతన్యరథం కొత్త బండి కాదు, నలభైల నాటి షెవర్లే. కొడుకు హరికృష్ణ గారు స్టీరింగు పట్టుకుని రాష్ట్రమంతా తిప్పారు. 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణస్వీకారం అయిపోయింది. ఆ రోజుల్లో మా షెడ్డుకి వచ్చిన ప్రతి పాత బండి ఓనరూ "దానికంటే నాది నయమే కదా" అనేవాడు. నయమో కాదో బానెట్టు ఎత్తితేగానీ తెలియదు.

ఇక అంబాసిడర్ని ఎలా పడుకోబెట్టేవాళ్ళమో చెప్తాను. 1489 సీసీల పెట్రోలు ఇంజను అది. ఇంగ్లండులో మోరిస్ బండ్లకి పెట్టినదే మనకి ఉత్తర్‌పాడా నుంచి వచ్చింది. ముందు రేడియేటర్లో నీళ్ళు మార్చేవాళ్ళం. జూబ్లీహిల్స్ బోరునీళ్ళు పోశారంటే బ్లాకు లోపల తెల్లటి పొక్కు కడుతుంది. అందుకని పంపునీళ్ళు పట్టి, లేత్ షెడ్డు నుంచి తెచ్చిన సొల్యుబుల్ ఆయిల్ కొంచెం కలిపేవాళ్ళం. లోపలి ఇనుముకి ఆ నూనె సన్నగా పట్టుకుంటుంది. తరవాత ఉస్తాద్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని గండిపేట దాకా పోయి వచ్చేవాడు. షికారని నేను అనుకునేవాణ్ణి. ఇంజనాయిలు బాగా కాగాలంటే అంత దూరం నడవాలి. కాగిన నూనెలో మడ్డి, నీటి చెమ్మ, పెట్రోలు తాలూకు ఆమ్లాలు అన్నీ కలిసి తేలి ఉంటాయి. తిరిగి రాగానే, చెయ్యి కాలుతున్నా సరే, సంపు నట్టు విప్పాలి. చల్లారాక విప్పితే నూనె వస్తుంది, మడ్డి లోపలే ఉండిపోతుంది.

పాత నూనె చూడ్డానికి బాగానే ఉందిగా, మళ్ళీ లేపేటప్పుడు మార్చుకుందామని మేనేజర్లు బేరం పెట్టేవారు. ఇక్కడ మా ఉస్తాద్ ఎవరి మాటా వినేవాడు కాదు. వాడిన నూనెలో ఉన్న ఆమ్లం బండి ఆగినంత కాలం బేరింగుల్ని కొరుకుతూనే ఉంటుంది. ఆ రోజుల్లో మన పెట్రోల్లో గంధకం ఎక్కువ, ఆమ్లమూ ఎక్కువే. కాబట్టి నూనె ఆపేటప్పుడు మార్చాలి, లేపాక మార్చడం కాదు. నాలుగు లీటర్ల పైచిలుకు కొత్త నలభై గ్రేడు ఆయిలు పోసి, ఫిల్టరు మార్చి, ఐదు నిమిషాలు తిప్పి కొత్త నూనె అన్నిచోట్లకీ చేరనిచ్చేవాళ్ళం.

తరవాతది చూడటానికి భలే పని. పెట్రోలు పంపుకి వచ్చే పైపు ఊడదీసి, ఎయిర్ క్లీనరు తీసి, కార్బొరేటర్లో మిగిలిన పెట్రోలుతోనే ఇంజన్ని కాస్త రేజింగులో నడిపేవాడు. నడుస్తుండగా ఆయిల్ క్యాన్ తీసుకుని కార్బొరేటర్ నోట్లో చుక్కలు చుక్కలుగా నూనె వదిలేవాడు. సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ లేచి కొండవాలు మొత్తం కమ్మేది. పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగిచూసి ఫైరింజనుకి ఫోన్ చెయ్యాలా అనేవారు. పొగలోనే ఇంజను దగ్గి దగ్గి ఆగిపోయేది. అంటే ఫ్లోటులో పెట్రోలు అయిపోయింది, వాల్వుల నుంచి సైలెన్సర్ దాకా లోపలంతా నూనె పూత పడింది. ఫ్లోటులో పెట్రోలు ఉంచి వదిలేస్తే అది ఆరి లక్కలాగా అంటుకుంటుంది. జెట్టులో సన్నటి రంధ్రం మూసుకుపోతే ఏ కంప్రెసరు గాలికీ తెరుచుకోదు.

చల్లారాక నీళ్ళు వదిలేవాళ్ళం. రేడియేటర్ అడుగున ఒక ట్యాపు, బ్లాకు పక్కన ఒక ట్యాపు. మొదటిది తిప్పితే నీళ్ళు ధారగా వస్తాయి. రెండోది తిప్పినా చాలా బండ్లలో ఏమీ రాదు. నీళ్ళు అయిపోయాయని కుర్రాళ్ళు మూసేస్తారు. అయిపోవడం కాదు, లోపల తుప్పు మడ్డి అడ్డుపడింది. "తీగ పెట్టి పొడువు బేటా" అనేవాడు ఉస్తాద్. పొడిస్తే ఎర్రటి నీళ్ళు ఒక చెంబుడు కారేవి. ఆ చెంబుడు నీళ్ళే లోపల ఉండిపోతే నాలుగేళ్ళలో కోర్ ప్లగ్గులు చిల్లులు పడతాయి.

అప్పుడు స్పార్కు ప్లగ్గులు నాలుగూ విప్పి, ఒక్కో సిలిండర్లో చెంచాడు నూనె పోసి, ముందు హ్యాండిలు పెట్టి మెల్లగా తిప్పేవాళ్ళం. ప్లగ్గు రంధ్రాల మీద గుడ్డ వేయకపోతే నూనె మొహాన చిమ్ముతుంది. ఆ పైన వాల్వ్ కవరు తీసి ట్యాపెట్లన్నీ వదులు చేసేవాడు. ఇది నేను వేరే ఏ షెడ్డులోనూ చూడలేదు. ఇంజను ఎక్కడ ఆగినా ఒకటో రెండో వాల్వులు తెరుచుకునే ఉంటాయి. ఆ సిలిండర్లోకి వానాకాలం గాలి దూరుతుంది, బోరుకి గీత పడ్డట్టు తుప్పు పడుతుంది. ట్యాపెట్లు వదిలేస్తే వాల్వులన్నీ మూసుకుంటాయి, స్ప్రింగులకీ విశ్రాంతి. గాలికి దారుండదు.

మిగతావి గబగబా చెప్తాను. సైలెన్సర్ గొట్టంలో నూనెలో ముంచిన గుడ్డ కుక్కాలి, ఎలకల కోసం. హ్యాండ్ బ్రేకు వదిలెయ్యాలి, లేకపోతే లైనింగు డ్రమ్ముకి కరుచుకుంటుంది. క్లచ్ పెడల్ నొక్కి, పెడల్‌కీ సీటుకీ మధ్య కర్ర పెట్టాలి, ప్లేటు ఫ్లైవీలుకి అతుక్కోకుండా. యాక్సిల్ కింద దుంగలు పెట్టి చక్రాలు నేలకి తగలకుండా లేపాలి. బ్యాటరీ తీసి టెర్మినళ్ళకి వాసెలిన్ రాసి, నెలకోసారి చార్జింగ్ షాపుకి పంపాలి. నెలకోసారి ఎవరూ పంపరు. అందుకే మేం బ్యాటరీని ఉంచొద్దని, వేరే బండికి వేసెయ్యమని చెప్పేవాళ్ళం. కప్పడానికి ప్లాస్టిక్ పట్టా పనికిరాదు, లోపల చెమ్మ పడుతుంది. సెట్ల నుంచి వచ్చే నల్లగుడ్డ బ్రహ్మాండంగా పనికొచ్చేది. ఆ గుడ్డ ఎన్ని సినిమాల్లో రాత్రి అయిందో దానికే తెలియాలి.

పెట్రోలు ట్యాంకు దగ్గర మాత్రం పుస్తకానికీ కొండకీ తేడా ఉండేది. మాన్యువల్ ప్రకారం ట్యాంకు నిండా పోసి ఉంచాలి, ఖాళీ ఉంటే రేకు లోపల చెమ్మ దిగుతుంది. జూబ్లీహిల్స్‌లో నిండా పోసి వెళ్తే నెల తిరక్కుండా ట్యూబు పెట్టి లాగేసేవాళ్ళు. ఎవరు లాగారో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. కాబట్టి ఉస్తాద్ ట్యాంకు పూర్తిగా ఒంపేసి, లీటరు నూనె పోసి ఊపి, అదీ ఒంపేసేవాడు.

చివరగా కార్డు. సినిమా హాళ్ళ ముందు పెట్టే ఫోటో కార్డులు పాతబడ్డాక డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల్లో కట్టలు కట్టలుగా పడి ఉండేవి. వాటిలో ఒకటి తీసుకుని వెనకవైపు నా చేత రాయించేవాడు: తేదీ, మీటరు అంకె, ఆయిలు గ్రేడు, నీళ్ళు లేవు, పెట్రోలు లేదు, ట్యాపెట్లు వదులు, క్లచ్ కర్ర, సైలెన్సర్లో గుడ్డ. కింద తను ఉర్దూలో ఒక వరస రాసి సంతకం పెట్టేవాడు. దాన్ని సుతిలి తాడుతో స్టీరింగుకి కట్టేవాళ్ళం. ముందు వైపు హీరో హీరోయిన్ల డ్యూయెట్టు, వెనక వైపు ఇంజను జాతకం. పదిహేనేళ్ళ తరవాత ఆ బండి ఎవరి చేతిలో పడినా, అందులో నీళ్ళు లేవని తెలియకుండా సెల్ఫ్ కొట్టకూడదు. ఇంతకంటే అక్కరకొచ్చే కాగితం మోటారు పనిలో నేను చూడలేదు.

ఇప్పుడు స్టార్ట్ చెయ్యడం, తిప్పడం సంగతి. ఇంత చేసి వచ్చాక కూడా కొన్ని ఇళ్ళలో మేం తీసినవీ వదులు చేసినవీ ఇంకొకరి చేత మళ్ళీ సరిచేయించి, వాచ్‌మన్‌కి తాళం ఇచ్చి, వారానికోసారి పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపెయ్యమనేవారు. ఇది చాలా మంచి అలవాటని ఇప్పటికీ జనం నమ్మకం. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్ళు పుడతాయి. పొద్దున్నే సైలెన్సర్ కొసన చుక్కలు కారడం మీరూ చూసే ఉంటారు. ఇంజను బాగా కాగితే ఆ నీరంతా ఆవిరై బయటికి పోతుంది. పది నిమిషాల ఉత్త ఐడ్లింగులో సంపు కాగదు. నీళ్ళు నూనెలో దిగుతాయి, చోక్ లాగినందుకు కాలని పెట్రోలు కూడా దిగుతుంది. నాలుగు వారాలయ్యాక ఆయిలు పోసే మూత తీసి చూస్తే అడుగున మీగడలాంటిది కనిపిస్తుంది. సైలెన్సర్ లోపల్నుంచి తుప్పు పట్టి చిల్లులు పడుతుంది. మేం పూసిన నూనె పూత మొదటి వారమే కాలిపోతుంది. తిప్పితే మంచిదే, చేత్తో హ్యాండిలు వేసి రెండు చుట్లు. స్టార్ట్ చేస్తే మాత్రం గండిపేట దాకా పోయి రావాలి. రెండూ కుదరకపోతే దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. నేను చూసిన పాడైన ఇంజన్లలో ముట్టుకోకుండా వదిలేసినవాటి కంటే ఈ పది నిమిషాల సేవతో పోయినవే ఎక్కువ.

చలిదేశాల్లో ఇదంతా మామూలు విద్య. ఇంగ్లండులో 1942 జులైలో ప్రైవేటు కార్లకి పెట్రోలు రేషను పూర్తిగా ఆపేశారు. మామూలు జనం ఇంటింటా కార్లని దిమ్మల మీదికెత్తి, నూనె పోసి, బ్యాటరీ తీసి యుద్ధం అయ్యేదాకా ఆపుకున్నారు. మనకి అదే యుద్ధంలో బొగ్గు గ్యాసు బస్సులు గుర్తు. బండిని ఆపడం కంటే బొగ్గు వేసైనా నడిపించడమే మనకి అలవాటు. ఆపి దాచుకునే స్తోమత నిజాముకి ఉండేది, తరవాత సినిమావాళ్ళకి వచ్చింది.

1983 డిసెంబరులో మారుతీ 800 రోడ్డెక్కింది. మా పని తగ్గుతుందనుకున్నాం, తగ్గలేదు. 796 సీసీల చిన్న ఇంజనుకి హ్యాండిలు లేదు, చేత్తో తిప్పాలంటే చక్రం లేపి టాప్ గేరులో వేసి తిప్పాలి. అసలు దెబ్బ ఇంధనం నుంచి వచ్చింది. పడుకున్న ఇంజను ఒక పెట్రోలు తాగి పడుకుంటుంది, లేచేసరికి బంకులో ఇంకో పెట్రోలు ఉంటుంది. తొంభైల్లో పడుకోబెట్టిన అంబాసిడర్లు సీసం కలిపిన పెట్రోలుకి పుట్టినవి. వాటి వాల్వ్ సీట్లకి ఆ సీసమే రక్షణ. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. అవి లేచి కొన్నాళ్ళు తిరిగాక వాల్వ్ సీట్లు అరిగి ట్యాపెట్లు బిగుసుకునేవి. గట్టి సీట్లు వేయిస్తే తప్ప నిలవలేదు. తరవాత ఇథనాల్ వచ్చింది, మొదట 5 శాతం, 2022కి 10, ఆ వెంటనే 20. దానికి నీటిని పీల్చుకునే గుణం ఉంది. ట్యాంకులో నెలల తరబడి ఆగితే నీరూ ఇథనాలూ అడుక్కి దిగి, రేకుని తింటాయి. పాత బండ్ల పంపు డయాఫ్రమ్‌లూ రబ్బరు పైపులూ నానిపోయి పిండిలా రాలతాయి. ఇప్పుడు ఏ పాత బండి లేపినా ముందు ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా రబ్బరన్నది మొత్తం మార్చి, ఆ తరవాతే పెట్రోలు పోస్తాను.

2020 మార్చిలో షూటింగులు ఆగి, లాక్‌డౌన్ పడింది. ఈ కొండ మీద బండ్లన్నీ ఒకేసారి పడుకోవడం అదే మొదలు. జూన్‌లో షూటింగులకి అనుమతి వచ్చినా పెద్ద హీరోలు చాలామంది ఇళ్ళు కదల్లేదు. ఫోన్ల మీద ఫోన్లు. ఇంజన్లకి ఏమీ కాలేదు, పోయినవన్నీ బ్యాటరీలే. కొత్త బండ్లు ఆగి ఉన్నా లోపల కంప్యూటర్లు కరెంటు తాగుతూనే ఉంటాయి. కొన్ని జర్మన్ బండ్లకి బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, బ్యాటరీ చస్తే డిక్కీ బటన్‌తో తెరుచుకోదు. కోటి రూపాయల బండి ముందు నిలబడి డ్రైవరు, చిన్న తాళం ఎక్కడ దూర్చాలా అని వెతుక్కోవడం చూశాను. ఎలకల సంగతి వేరే చెప్పాలా, పక్కనే అడివంత పార్కు. పాత అంబాసిడర్లో ఎలక కొరికితే నాలుగు తీగలు, గంట పని. వీటిలో కొరికితే వైరింగు హార్నెస్ మొత్తం మార్చాలంటారు, లక్షల్లో మాట.

అప్పటికే ఇంకో రకం గిరాకీ పెరిగింది. 2018లో 'మహానటి' వచ్చాక పాత కాలం కథలకి ఊపొచ్చింది. సావిత్రి గారికి కార్లంటే ఎంత ఇష్టమో పాత డ్రైవర్లు కథలుగా చెప్తారు. ఆవిడ కథలో కార్లు లేకుండా ఎలా? వెబ్ సిరీస్‌ల వాళ్ళు కూడా తొంభైల నాటి మారుతీ కావాలని, నల్ల అంబాసిడర్ కావాలని కృష్ణానగర్ అంతా వెతుకుతారు. షాటులో ఆ బండి నిజంగా నడవనక్కర్లేదు. వెనక నుంచి నలుగురు కుర్రాళ్ళు తోస్తే ఫ్రేములో దర్జాగా వచ్చి ఆగుతుంది. ఇంజను శబ్దం తరవాత డబ్బింగులో వేసుకుంటారు. దీంతో కొందరు ఓనర్లు పైకి పెయింటు వేయించి, లోపల ఇంజన్ని గాలికి వదిలేశారు. బయటికి బొమ్మ, లోపల తుప్పు. నాకు మనసొప్పదు గానీ వాళ్ళ లెక్క వాళ్ళది, రోజుకి వచ్చే అద్దె నడిచే బండికీ నడవనిదానికీ దాదాపు ఒకటే.

లేపే పని పడుకోబెట్టే పని కంటే ఓపిక అడుగుతుంది. ముందు ప్లగ్గులు తీసి డీజిలూ నూనే కలిపి సిలిండర్లలో పోసి వదిలేస్తాం. రోజూ వచ్చి హ్యాండిలు మీద చెయ్యి వేసి కాస్త బరువు పెట్టి చూస్తాం, అంతే. రింగులు బోరుని వదిలితే హ్యాండిలు చేతికే చెప్తుంది. బలవంతంగా తిప్పినా, ఇంకో బండికి కట్టి లాగించినా రింగులు విరుగుతాయి. ఇంటి ఓనరు బాల్కనీ నుంచి "ఇంకా ఎన్ని రోజులయ్యా?" అంటుంటాడు. పక్కన పెట్టి ఇరవయ్యేళ్ళు ఆగినవాడికి వారం ఆగడానికి ఓపిక ఉండదు. హ్యాండిలు కదిలాక సంపు నూనె మార్చి, ప్లగ్గులు పెట్టకుండానే తిప్పి ఆయిల్ ప్రెషరు వచ్చిందో లేదో చూసి, ఆ తరవాత స్పార్కు.

2021 జులైలో కేంద్రం పాత బండ్లకి ఒక దారి చూపింది. యాభై ఏళ్ళు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు, రెన్యువలుకి 5,000. నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. రోజువారీ తిరుగుడుకి మాత్రం వీల్లేదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ తీసుకెళ్ళొచ్చు. అన్నపూర్ణ స్టూడియో తెరిచిన ఏడు కొన్న అంబాసిడర్లకి 2026తో యాభై నిండుతున్నాయి. 2014లో ఆ కారు తయారీయే ఆగిపోయింది, ఇక కొత్తవి రావు. అందుకని మనవలు షెడ్లు తెరిపిస్తున్నారు, మా తాతగారి బండి లేపాలి అంకుల్ అని ఫోన్ చేస్తున్నారు.

మోడలు ఏంటి, ఏ ఏడాదిది, ఎన్నాళ్ళుగా ఆగింది అని నేను తరవాత అడుగుతాను. మొదట అడిగేది స్టీరింగుకి కార్డు ఉందా అని. ఉంటే ఫోటో తీసి పంపమంటాను. ఉస్తాద్ సంతకం కనిపిస్తే రబ్బరు సామానుకీ బ్యాటరీకీ లెక్క చెప్పి ఫలానా రోజు వస్తానంటాను. కార్డు లేకపోతే హెడ్డు విప్పాలి. బోరింగు దాకా వెళ్తుందా, ఎంతవుతుంది అన్నది విప్పాకే చెప్తాను.